సద్దివేళ: ఉదయపు వంట కొత్తగా నేర్చుకునేవారికి

ఉపవాస నియమాలను గురించి, నైవేద్య విధులను గురించి ఆధ్యాత్మిక పత్రికలలో తరచుగా వ్యాసాలు వస్తుంటాయి. తినకుండా ఉండడం ఎలాగో చెప్పినంత శ్రద్ధగా, సకాలంలో తినడం ఎలాగో చెప్పడం మాత్రం అరుదు. ఈ నెల పాఠం ఆ రెండవదానిని గురించి. పొయ్యి వెలిగించడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న యువతీయువకులనూ, తెల్లవారుజామున ఇల్లు విడిచి బయలుదేరవలసిన ఉద్యోగులనూ, దర్శనానికి దూరప్రయాణం చేసే యాత్రికులనూ దృష్టిలో పెట్టుకొని ఇది రాయబడింది.

పాపాఘ్ని పెన్నలో కలిసే చోటికి సమీపంలో ఉన్న మన కమలాపురంలో పొద్దు పొడవకముందే సందడి మొదలవుతుంది. ఎర్రగుంట్ల వైపు సిమెంటు కర్మాగారాలకు పోయేవారు, కడపకూ ప్రొద్దుటూరుకూ చదువులకు పోయే పిల్లలు, రైలు కోసం స్టేషనుకు నడిచేవారు అందరూ ఆ ఒక్క గంటలోనే ఇల్లు దాటాలి. వీరిలో ఎందరు కడుపులో ఏదైనా వేసుకొని కదులుతున్నారు? గ్లాసెడు టీ, రెండు బిస్కెట్లు. అంతకు మించి తినేవారు హోటలు దోశతో సరిపెట్టుకుంటున్నారు. హోటలును తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. అయితే నెలకు ఇరవై ఐదు రోజులు బయట తినే కుటుంబం, ఆ ఖర్చులో నాలుగో వంతుతో ఇంట్లోనే కడుపునిండా తినవచ్చునని లెక్క వేసుకోవడం లేదు. ‘వండడానికి సమయం లేదు’ అన్నదే అందరి సమాధానం. ఈ సమాధానం ఎంతవరకు నిజమో కింద చూద్దాం.

దర్శనం వరుసలో ఆకలి

ముందుగా యాత్రికులకు ఒక మాట. ఏమీ తినకుండా స్వామి దర్శనం చేసుకోవడం మంచి ఆచారమే. శరీరం సహకరించినవారు పాటించవచ్చు. కానీ మధుమేహానికి మాత్రలు వేసుకొనేవారు, ఇన్సులిన్ తీసుకొనేవారు మందు వేసుకొని, ఆహారం మానేసి, గంటల తరబడి వరుసలో నిలబడితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు పట్టడం, చేతులు వణకడం, మాట తడబడడం, చివరకు స్పృహ తప్పడం దాని లక్షణాలు. పండుగ రోజుల్లో కిక్కిరిసిన ఆలయాలలో వృద్ధులు సొమ్మసిల్లడం మనం చూస్తూనే ఉంటాం. చూసేవారు దానిని భక్తిపారవశ్యం అని కూడా అనుకుంటారు. ఆ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటివారి చేతికి వెంటనే బెల్లం ముక్కో, చక్కెర నీళ్లో అందించాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏదీ పోయకుండా వైద్యసహాయం పిలవాలి.

భగవద్గీత ఆరవ అధ్యాయంలో శ్రీకృష్ణుడు యోగం గురించి చెబుతూ, అతిగా తినేవానికి అది సిద్ధించదని చెప్పిన శ్లోకంలోనే బొత్తిగా తిననివానికి కూడా సిద్ధించదని చెప్పాడు. మొదటి సగాన్ని మనం పదే పదే వింటాం. రెండవ సగం ఎందుచేతనో ప్రవచనాలలో అంతగా వినిపించదు. మందులు వాడే పెద్దలు ఉపవాసం సంకల్పించే ముందు వైద్యుని అడగండి. ఆయన వద్దంటే ఒక గ్లాసు రాగిజావ తాగి వరుసలో నిలబడండి. దాని వలన ఏ దోషమూ రాదు.

సద్ది అనే మాట

మన ప్రాంతంలో ఉదయపు ఆహారానికి టిఫిను అనే మాట వచ్చి ఎంతో కాలం కాలేదు. అంతకుముందు ఉన్న మాట సద్ది. గ్రంథాలలో చల్ది, చద్ది అని కనిపించేది ఇదే. రాత్రి మిగిలిన సంగటి ముద్దనో, కొర్రన్నాన్నో మజ్జిగలో నానవేసి, పొద్దున ఉల్లిగడ్డతోనో ఊరగాయతోనో తిని పొలానికి పోయేవారు. వరి అన్నం ఈ మెట్ట ప్రాంతంలో పండుగనాటి వంటకం. నిత్యం తినేది జొన్న, సజ్జ, కొర్ర, రాగి. వర్షం తక్కువైన నేల ఏమి పండిస్తుందో, ఆ నేల మీది మనిషి అదే తిన్నాడు. సద్దిమూట అనే మాటలో ఆనాటి జీవితమంతా ఉంది.

ఇక్కడ శ్రద్ధ గల పాఠకులకు ఒక సందేహం కలుగుతుంది. గీత పదిహేడవ అధ్యాయంలో మూడు విధాల ఆహారాలను చెబుతూ, వండి ఒక యామం, అనగా మూడు గంటలు దాటినదీ, రాత్రి గడిచిపోయినదీ తామసమని కదా ఉంది? మరి సద్దన్నం తామసాహారమేనా? ఈ ప్రశ్నకు ‘పూర్వులు తిన్నారు గనుక మంచిదే’ అని దాటవేయడం సబబు కాదు.

మా అవగాహన ఇది. శాస్త్రం నిషేధించింది పాడైపోయిన అన్నాన్ని, రుచి చచ్చి దుర్గంధం వచ్చినదాన్ని. పెరుగుతో పులియబెట్టినది ఆ కోవలోనికి రాదు. మనుస్మృతి ఐదవ అధ్యాయం పులిసిన పదార్థాలను వద్దంటూనే పెరుగునూ, పెరుగుతో చేసినవాటినీ ప్రత్యేకంగా మినహాయించింది. పోతన భాగవతం దశమస్కంధంలో గోపబాలురు చల్దులు విప్పుకొని తినే ఘట్టం తెలుగువారికి కొత్తది కాదు. ఆ బాలుర నడుమ కూర్చొని చల్ది తిన్నవాడు గీత చెప్పినవాడే. ఇక తిరుమలలో కులశేఖరపడి దాటి శ్రీవారి సన్నిధికి వెళ్లే ప్రసాదం ఓటికుండలోని దద్దోజనమేనని ప్రతీతి. కాబట్టి తోడు వేసిన సద్దిని దేవుని కథలతో కూడా సమర్థించవచ్చు. నిర్లక్ష్యంగా గిన్నెలో వదిలేసిన పాత అన్నాన్ని మాత్రం సమర్థించలేం. ఈ భేదమే వంటగదిలో పాటించవలసినది.

సద్దన్నం తోడు వేసే పద్ధతి

రాత్రి భోజనానికి వండిన అన్నంలో ఒకరికి సరిపడినంత, అనగా పెద్ద గిన్నెడు, విడిగా తీయాలి. గోరువెచ్చగా చల్లారగానే, భోజనమైన గంటలోపే, అది మునిగేంతవరకు కాచి చల్లార్చిన గోరువెచ్చని పాలు పోసి, ఒక చెంచా పెరుగు కలిపి మూత పెట్టాలి. పాలు లేకపోతే నీళ్లు పోసి రెండు చెంచాల పెరుగు కలిపినా సరిపోతుంది. మట్టికుండ ఉంటే మేలు, చల్లగా ఉంటుంది. పొద్దునకు అన్నం పెరుగుతో కలిసి తోడుకొని ఉంటుంది. తగినంత ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, ఒక పచ్చిమిరపకాయ, వీలైతే అల్లం ముక్క. వ్రతదినాలలో ఉల్లి మానేసి కరివేపాకు, జీలకర్ర తిరగమోత వేసుకోవచ్చు. పొద్దున పట్టే సమయం మూడు నిమిషాలు.

మన వేసవి వేడి నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో పన్నెండు గంటలు బయట ఉంచితే అన్నం అతిగా పులుస్తుంది. అప్పుడు నిద్రకు ముందు తోడు వేసి, తెల్లవారుజామున లేచినవారు దానిని ఫ్రిజ్‌లో పెట్టడం మంచిది. జిగురు సాగినా, పుల్లని వాసన కాక కుళ్లిన వాసన వచ్చినా నిర్మొహమాటంగా పారవేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఏమీ కలపకుండా పొడి అన్నాన్ని రాత్రంతా గది వేడిలో ఉంచి పొద్దున పోపు పెట్టుకొని తినవద్దు. అలాంటి అన్నంలో కొన్ని సూక్ష్మజీవులు పెరిగి విషపదార్థాన్ని విడుస్తాయి. ఆ విషం తిరిగి వేడి చేసినా నశించదు. తోడు వేసినప్పుడు పెరుగులోని ఆమ్లం ఇలాంటివాటిని ఎదగనివ్వదు. పూర్వులకు సూక్ష్మజీవుల పేర్లు తెలియకపోయినా మజ్జిగ పోయడం తెలుసు.

సద్దన్నంలో ఇనుము అనేక రెట్లు పెరిగిపోతుందని ఈ మధ్య చరవాణి సందేశాలు తిరుగుతున్నాయి. ఒక్క మాట ఆలోచించండి. అన్నంలో లేని ఇనుము నీళ్లలో నానినంత మాత్రాన ఎక్కడి నుంచి వస్తుంది? పులియడం వలన ఉన్న ఖనిజాలు శరీరానికి మరికొంత బాగా అందుతాయి. నిజం అంతవరకే. మంచి ఆహారాన్ని పొగడడానికి అబద్ధం అవసరం లేదు.

రాగిజావ, ఉండలు కట్టకుండా

రాగులలో కాల్షియం ఎక్కువ. నూరు గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా ఉంటే, తెల్ల బియ్యంలో పది మిల్లీగ్రాముల వరకే ఉంటుంది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే సంవత్సరం మార్చి నుంచి మన రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలల్లో వారానికి మూడు రోజులు పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలైంది. ఒకప్పుడు పేదవారి తిండి అని పక్కన పెట్టినదాన్ని ఇప్పుడు పట్టణాల్లో అందమైన డబ్బాల్లో పెట్టి మూడింతల ధరకు అమ్ముతున్నారు. మీరు మాత్రం సంతలో రాగులు కొని, కడిగి ఎండబెట్టి, మిల్లులో పట్టించుకోండి.

కొత్తవారు రాగిజావ వండడం మానేయడానికి కారణం ఒక్కటే, ఉండలు కట్టడం. దాని వెనుక ఉన్న సంగతి తెలిస్తే మళ్లీ ఆ చిక్కు రాదు. పిండి వేడినీళ్లలో పడగానే పైపొర వెంటనే ఉడికి జిగురుగా మారుతుంది. ఆ జిగురు పొర లోపలి పొడిపిండికి నీరు అందనివ్వదు. అదే ఉండ. ఆ తర్వాత ఎంత తిప్పినా విడిపోదు. కాబట్టి పిండిని ముందుగా చన్నీళ్లలో కలపాలి.

ఒకరికి రెండు నిండు పెద్ద చెంచాల పిండి, సుమారు 25 గ్రాములు. అర గ్లాసు చన్నీళ్లలో వేసి వేళ్లతో చిదిమి పలుచగా కలపాలి. మరో గ్లాసు నీళ్లు పొయ్యి మీద మరిగించాలి. మరిగే నీళ్లలో ఈ కలిపిన పిండిని ఒక చేత్తో ధారగా పోస్తూ మరో చేత్తో గరిటె తిప్పాలి. మంట తగ్గించి ఐదారు నిమిషాలు ఉడికిస్తే పచ్చివాసన పోయి రంగు ముదురుతుంది, మెరుపు వస్తుంది. అది ఉడికినదానికి గుర్తు. దించి, గోరువెచ్చగా అయిన తర్వాత అర గ్లాసు మజ్జిగ, ఉప్పు కలపాలి. వేడిమీద మజ్జిగ పోస్తే విరుగుతుంది. పిల్లలకైతే పాలు, బెల్లం. మధుమేహం ఉన్నవారు బెల్లం జోలికి పోవద్దు. బెల్లం చక్కెర కంటే మంచిదనే పేరు ఉన్నా, రక్తంలో చక్కెరను అదీ పెంచుతుంది.

ఇంకొంచెం రుచి కోరేవారు పిండిని రాత్రే నీళ్లలో కలిపి మూత పెట్టి ఉంచవచ్చు. పొద్దునకు కాస్త పులిసి ఉంటుంది. దానిని కాస్తే వచ్చేదే అసలైన అంబలి.

ఉగ్గాని

రాయలసీమ ఉదయాన్ని ఒక్క వంటకంతో చెప్పమంటే మేము ఉగ్గానినే చెబుతాము. కోస్తా ప్రాంతంవారు మరమరాలు అనేవాటిని మనం బొరుగులు అంటాం. వాటిని తడిపి తిరగమోత వేసిందే ఉగ్గాని. కన్నడంలో తిరగమోతను ఒగ్గరణె అంటారు. మన పేరు దాని నుంచే వచ్చి ఉంటుందని తోస్తుంది. బళ్లారి, కర్నూలు, అనంతపురం, కడప ఈ నాలుగింటా ఉన్న వంటకానికి రెండు భాషల పేరు ఉండడంలో వింత లేదు. హోటలులో దీని పక్కన మిరపకాయ బజ్జీ తప్పనిసరి. ఇంట్లో, పనిదినం పొద్దున బజ్జీ జోలికి పోనవసరం లేదు. ఉగ్గాని ఒక్కటే చాలు.

ఇద్దరికి కావలసినవి: నూరు గ్రాముల బొరుగులు, చూడడానికి పెద్ద బేసిన్ నిండుగా కనిపిస్తాయి, తడిస్తే సగమవుతాయి. మూడు పెద్ద చెంచాల శెనక్కాయ నూనె, ఆవాలు, శెనగపప్పు, మినప్పప్పు, నాలుగు పచ్చిమిరపకాయలు, కరివేపాకు, ఒక ఉల్లిగడ్డ, చిటికెడు పసుపు, మూడు పెద్ద చెంచాల పుట్నాల పొడి, అర నిమ్మకాయ, కొత్తిమీర.

పని వరుస ముఖ్యం. మొదట తిరగమోత, తర్వాత తడపడం. చాలామంది కొత్తవారు బొరుగులను ముందే నీళ్లలో వేసి, ఉల్లిగడ్డ తరగడం మొదలుపెడతారు. తరగడం పూర్తయ్యేసరికి బొరుగులు ముద్దవుతాయి. కాబట్టి బాండలిలో నూనె కాగగానే ఆవాలు చిటపటలాడనిచ్చి, పప్పులు ఎర్రబడ్డాక మిరపకాయలు, కరివేపాకు, ఉల్లిగడ్డ వేసి మగ్గనివ్వాలి. పసుపు, ఉప్పు వేయాలి. ఉప్పు మామూలు కంటే తక్కువ వేయాలి, కొన్ని బొరుగుల్లో తయారీలోనే ఉప్పు కలిసి ఉంటుంది. ఉల్లిగడ్డ మెత్తబడుతుండగా బొరుగులను నీళ్లలో వేసి చేత్తో ముంచాలి. ఒక నిమిషం, మహా అయితే రెండు. రెండు అరచేతుల మధ్య పిడికెడు పిడికెడుగా గట్టిగా పిండి నేరుగా బాండలిలో వేయాలి. మెత్తగా ఉండాలి, నీరు కారకూడదు. పుట్నాల పొడి చల్లి, కింది నుంచి పైకి రెండు నిమిషాలు కలిపి దించాలి. నిమ్మరసం దించిన తర్వాతే, పొయ్యి మీద పిండితే చేదెక్కుతుంది. మొత్తం పదిహేను నిమిషాలు.

పుట్నాల పొడి చేసే పని ఏమిటంటే, బొరుగుల్లో మిగిలిన తడిని అది పీల్చుకుంటుంది, పొడిపొడిగా విడదీస్తుంది, పప్పుదినుసు గనుక కాస్త మాంసకృత్తులను కూడా చేరుస్తుంది. బొరుగులు ఒట్టి బియ్యమే, వాటితో మాత్రమే తింటే పదిగంటలకల్లా ఆకలి వేస్తుంది. పిడికెడు వేయించిన శెనగవిత్తనాలు చల్లుకుంటే ఇంకా మంచిది.

తక్కిన సులభ వంటలు

ఉప్మాకు పేరు చెడడానికి కారణం రవ్వను వేయించకపోవడం. ఒక గ్లాసు రవ్వను సన్నని మంట మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, రెండున్నర గ్లాసుల మరిగే నీళ్లలో జల్లుగా పోస్తూ తిప్పితే ఉండ కట్టదు. ఇక్కడ కూడా రాగిజావ పాఠమే పనిచేస్తుంది, వేయించిన రవ్వ గింజలు ఒకదానికొకటి అంతగా అంటుకోవు. రవ్వకు బదులు కొర్రలతో చేయాలంటే కొర్రలను రాత్రి నానవేయడం తప్పనిసరి.

అటుకులు అసలు పొయ్యి అవసరం లేని ఆహారం. కుచేలుడు బాల్యమిత్రునికి కొంగున కట్టి తెచ్చినవి ఇవే. పలుచని అటుకులపై నీళ్లు చిలకరించి, ఐదు నిమిషాలకు పెరుగు, ఉప్పు, తరిగిన దోసకాయ కలిపితే అయిపోతుంది. పొయ్యి వాడడం రాని పిల్లవాడు కూడా చేయగలడు. పదేళ్ల పిల్లలకు మొదటగా నేర్పవలసిన వంట ఇదేనని మా అభిప్రాయం.

కట్టుపొంగలి ఆలయ ప్రసాదంగా మనకు పరిచయమే. ఒక గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, ఐదు గ్లాసుల నీళ్లు, ఉప్పు కుక్కరులో వేసి నాలుగు కూతలు రానిచ్చి, నేతిలో మిరియాలు, జీలకర్ర, అల్లం, కరివేపాకు తిరగమోత వేయాలి. అరగంట పట్టినా, అందులో మీరు నిలబడవలసింది ఐదు నిమిషాలే. కుక్కరు తన పని చేసుకుంటుండగా స్నానం, సంధ్య ముగించుకోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి లేని వంట గనుక వ్రతదినాల పారణకు కూడా తగినది.

దోశను ఈ జాబితాలో చేర్చలేదు. ఎర్రకారం పూసి పుట్నాల పొడి చల్లిన కారం దోశ మన సీమకు గర్వకారణమే. అయితే రుబ్బడం, పులియబెట్టడం, పెనం వేడిని కనిపెట్టడం వంట నేర్చిన మూడో నెలకు వచ్చే విద్యలు. ఆదివారానికి దాచుకోండి.

రాత్రి చేసి పెట్టుకోవలసినవి

ఉదయపు వంటలో ఎక్కువ భాగం నిజానికి రాత్రి వంట. పడుకునే ముందు పది నిమిషాలు కేటాయిస్తే పొద్దున అరగంట మిగులుతుంది. ఉల్లిగడ్డలు పొట్టు తీసి ఉంచడం, పచ్చిమిరపకాయలు కడిగి తుడిచి ఉంచడం, రేపటి గిన్నెను, గరిటెను పొయ్యి దగ్గర పెట్టడం, ఇవి చాలా చిన్న పనులు. కానీ నిద్రమత్తులో ఒక్కొక్కటీ వెతకడమే వంటకు సమయం లేదని అనిపించేలా చేస్తుంది.

ఆదివారం చేసి పెట్టుకోవలసినది పప్పుల పొడి ఒక్కటే. గ్లాసెడు పుట్నాలు, ఎనిమిది ఎండుమిరపకాయలు, నాలుగు పెద్ద చెంచాల ఎండుకొబ్బరి, ఉప్పు, జీలకర్ర. మిరపకాయలను కొద్ది నూనెలో వేయించి, చల్లారిన తర్వాత అన్నీ కలిపి పొడి చేయాలి. వెల్లుల్లి తినేవారు నాలుగు రెబ్బలు చేర్చుకుంటారు. తడిలేని సీసాలో, తడిలేని చెంచాతో వాడుకుంటే రెండు వారాలు నిలుస్తుంది. ఉగ్గానిలో, ఉప్మా మీద, వేడి అన్నంలో నెయ్యితో, రొట్టెతో ఇది అన్నిటికీ పనికొస్తుంది. ఒంటరిగా గదిలో ఉండే విద్యార్థికి ఊరి నుంచి పంపదగిన మంచి వస్తువు ఇంకొకటి లేదు.

ఎవరు వండాలి

కడప జిల్లా నుంచి, రాయచోటి ప్రాంతం నుంచి ఎందరో కువైట్‌కూ, తక్కిన గల్ఫ్ దేశాలకూ బతుకుతెరువుకు పోయారు. బెంగళూరు, హైదరాబాదు గదుల్లో ఉన్నవారు ఇంకెందరో. ఇల్లు విడిచే నాటికి వీరిలో చాలామంది మగపిల్లలకు అన్నం వార్చడం కూడా తెలియదు. వారి ఆరోగ్యం మొదటి సంవత్సరంలోనే ఎలా క్షీణిస్తుందో తల్లిదండ్రులందరికీ తెలుసు. ఫోనులో ‘ఏం తిన్నావు నాయనా?’ అని అడిగితే వచ్చే మౌనమే దానికి సాక్ష్యం. నేర్పవలసిన కాలంలో నేర్పకపోవడం వలన వచ్చిన చిక్కు ఇది.

‘మా అబ్బాయికి వంటెందుకు’ అనే తల్లులకు ఒక మాట గుర్తు చేయాలి. మంచి వంటను మనం నలభీమపాకం అంటాం. ఒకరు నిషధ దేశపు రాజు, మరొకరు పాండవ వీరుడు. నలుడు ఋతుపర్ణుని కొలువులో బాహుకుడై ఉన్నాడు, భీముడు విరాటుని వంటశాలలో వలలుడై ఏడాది గడిపాడు. కష్టకాలంలో ఆ ఇద్దరినీ ఆదుకున్న విద్యలలో వంట ఒకటి. అలాగే ఉదయాన్నే లేచి అందరికీ వండి, డబ్బాలు కట్టి, తాను మాత్రం పదకొండు గంటలకు నిలబడి తినే ఇల్లాలు మన ప్రతి వీధిలోనూ ఉంది. గీత మూడవ అధ్యాయం తన కోసమే వండుకొనేవాడు పాపాన్ని తింటున్నాడని చెబుతుంది. తనను మరచి వండే ఆమెకు ఒక గిన్నె తీసి పక్కన ఉంచడం మిగతావారి బాధ్యత. ఒకరు ఉల్లిగడ్డ తరిగితే, ఇంకొకరు బొరుగులు పిండితే పదిహేను నిమిషాల పని ఎనిమిది నిమిషాలకు దిగుతుంది.

దాతలకు ఒక విన్నపం

అన్నదానం అనగానే మనకు మధ్యాహ్న భోజనం గుర్తుకు వస్తుంది. మన సీమకు అన్నదాన చరిత్ర చాలా పెద్దది. 1866 నాటి కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు తన ధాన్యపు గాదెలు తెరిచి వేలమందికి నెలల తరబడి ఆకలి తీర్చారు. పదేళ్లు తిరిగేసరికి 1876 నుంచి 1878 వరకు వచ్చిన మహాక్షామంలో కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు అల్లాడిపోయాయి. నాడు ప్రాణం నిలిపింది పంచభక్ష్యాలు కాదు, గంజి, అంబలి. పక్క రాష్ట్రమైన తమిళనాడులో 2022 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఉదయం వేళ వేడి ఆహారం పెడుతున్నారు. ఉదయపు ఆకలిని విడిగా గుర్తించడం అందులోని విశేషం.

పర్వదినాలలో తెల్లవారుజామున దర్శనానికి వచ్చే వృద్ధులకు, చంటిపిల్లల తల్లులకు ఆలయ ప్రాంగణం వెలుపల అంబలి ఇవ్వడానికి పెద్ద ఖర్చు కాదు. సేవ చేయదలచిన కుటుంబాలకు ఉపయోగపడేలా యాభై మందికి లెక్క ఇస్తున్నాము. రాగిపిండి ఒకటింబావు కిలో. దానిని నాలుగు లీటర్ల చన్నీళ్లలో రాత్రే కలిపి మూత వేసి ఉంచాలి. పొద్దున తొమ్మిది లీటర్ల నీళ్లు పెద్ద గిన్నెలో మరిగించి, ఈ పిండినీళ్లను అడుగు నుంచి కలియబెట్టి ధారగా పోయాలి. ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు పోయడానికి, ఒకరు పొడవాటి తెడ్డుతో తిప్పడానికి. గిన్నె పెద్దది గనుక ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా, అడుగంటకుండా ఉడికించాలి. దించి గంటసేపు ఆరనిచ్చి, ఐదు లీటర్ల చిలికిన మజ్జిగ, సుమారు ఏడెనిమిది చిన్న చెంచాల ఉప్పు, నూరిన జీలకర్ర, కరివేపాకు కలపాలి. ఉప్పు మొదట ఆరు చెంచాలే వేసి రుచి చూసి చేర్చుకోవాలి, రక్తపోటు ఉన్న పెద్దలు తాగుతారు గనుక కాస్త తక్కువైనా మంచిదే. కావలసినవారికి ఉల్లిగడ్డ ముక్కలు విడి పళ్లెంలో ఉంచాలి. గ్లాసులు కడగడానికి రెండు బకెట్ల నీళ్లు, ఒక మనిషి విడిగా ఉండాలి. కాగితపు కప్పులు వాడదలిస్తే వాటిని వేయడానికి గోనెసంచి కూడా వెంట తెచ్చుకోవలెను.